వానకాకి గూడు

మా తెలుగు సంఘంలో ఈ కథ చెప్పేవాళ్ళందరూ నా ఓపికతోనే మొదలుపెడతారు. "ఆవిడ ఓపిక చూడాలండీ! నెల రోజులు ఆ అడవిలో ఆకు కదపకుండా కూర్చుని అమెరికా కోకిలను ఫోటో తీసింది," అంటారు. కొత్తగా వచ్చిన కోడళ్ళకు నన్ను వేలు పెట్టి చూపించి మరీ అంటారు. నేను పక్కనే కాగితం ప్లేటులో గారె పెట్టుకుని వింటూ ఉంటాను.

ఓపిక సంగతి మా వారిని అడగండి, చెబుతారు. పాలు పొంగేదాకా నిలబడలేక పక్కింటికి పోయి వచ్చే మనిషిని నేను. అది కోకిల కాదన్న సంగతి తర్వాత చెబుతాను. ఆ "ఆకు కదపకుండా" అన్న మాట దగ్గర మాత్రం గారె గొంతుకు అడ్డం పడుతుంది. ఇన్నేళ్ళుగా ఎవరో ఒకరు ఆ మాట అంటూనే ఉన్నారు, నేను నోరెత్తకుండా మంచినీళ్ళు తాగుతూనే ఉన్నాను. ప్రతిదానికీ నోరెత్తే నేను!

డెబ్భై ఎనిమిదిలో వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఇల్లు కొనుక్కున్నాం. వెనక చిన్న వాగు, వాగు దాటితే అడవి. అడవంటే పులులు తిరిగేది కాదు, కాంట్రాక్టర్ల చెయ్యి ఇంకా పడని చోటు. ఓక్ చెట్లు, వాటి కింద ముళ్ళపొదలు, పొదల మీద అల్లుకున్న అడవి ద్రాక్ష తీగలు. మా పక్కింట్లో ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేది. స్కూలు లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు నేను మంగళసూత్రం తీసి సొరుగులో పెట్టేదాన్ని గానీ, ఆవిడ మాత్రం చర్చికి వెళ్ళినా మెడలోంచి బైనాక్యులర్స్ తీసేది కాదు. నన్ను "హనీ" అనేది. నేను ఆవిడను ఏమని పిలవాలో తెలియక తొమ్మిదేళ్ళు ఏమీ పిలవకుండానే గడిపేశాను.

ఎనభై మూడు ఏప్రిల్లో, ఉగాది అయిన రెండు వారాలకు, షాంటిలీలో ఒక డాక్టరుగారి బేస్‌మెంట్‌లో సంఘం మీటింగు జరిగింది. వచ్చే ఉగాది సంచికకు ముఖచిత్రం ఏం వేయాలన్నది చర్చ. సంపాదకుడు ఆ డాక్టరుగారే. మామిడి కొమ్మ మీద కోకిల బొమ్మ గీయిద్దామని ఎవరో అన్నారు.

"అదేంటండీ, మనకిక్కడ కోకిలెక్కడిది?" అన్నారు డాక్టరుగారు. "వేపపువ్వు లేదు, మామిడి పిందె లేదు, కోకిల లేదు. మనది క్యాలెండర్ ఉగాది."

"కోకిల ఉంది," అన్నాను నేను.

"ఎక్కడ చెల్లెమ్మా? వర్జీనియాలో కూసేది ఫైరింజనొక్కటే."

బేస్‌మెంట్ అంతా నవ్వింది. మా వారు కూడా నవ్వారు, అది ఇంకా మండింది. నేను గుంటూరులో బియస్సీ జువాలజీ చదివినదాన్ని. అమెరికా పక్షుల పుస్తకంలో కక్కూ అన్న పేరు కంటితో చూసినదాన్ని. అయిదో క్లాసు నుంచీ కక్కూ అంటే కోకిల అనే కదా చదువుకున్నాం.

"మా ఇంటి వెనకే ఉంది," అన్నాను.

"చూశావా?"

"చూశాను." చూడలేదు.

"అయితే ఫోటో తీసుకురా. కవర్ మీద వేసేద్దాం. తేలేకపోతే వచ్చే ఉగాదికి అందరి ముందూ నువ్వే కూయాలి. డీలా?"

"డీల్," అన్నాను. నోరు జారడం అనొద్దు దీన్ని. నా నోరు జారదు, దూకుతుంది.

మర్నాడే పక్కింటావిడను అడిగాను, మన అడవిలో కక్కూలుంటాయా అని. మే నెల రానీ అంది. మే వచ్చింది, పోయింది. జూన్ మొదటి వారంలో ఒక ఉదయం ఆవిడ మా వంటింటి కిటికీ అద్దం మీద టకటకా కొట్టింది. మొహం వెలిగిపోతోంది.

"రెయిన్ క్రో గూడు కట్టింది, హనీ! నాలుగేళ్ళ తర్వాత!"

రెయిన్ క్రో. వానకాకి. కాకి గూడు కట్టినందుకు ఇంత సంబరమేమిటా అనుకుంటూ చెప్పులేసుకుని వెంట వెళ్ళాను. వాగు దాటి ముళ్ళపొద దగ్గరకు వెళ్ళాక ఆవిడ బైనాక్యులర్స్ నా కళ్ళకు పెట్టింది. చాలాసేపు ఆకులే కనిపించాయి. తర్వాత ఆ ఆకుల్లో ఒక ఆకు కన్ను ఆర్పింది. పసుపు ముక్కు, తెల్లని పొట్ట, పొడుగాటి తోక కింద తెల్లటి చుక్కలు. పుస్తకంలో చూసిన కక్కూ!

"ఇది కాకి కాదు, కక్కూ!" అన్నాను.

"రెండూ ఒకటే. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో రెయిన్ క్రో అంటారు. వాన వచ్చే ముందు అరుస్తుందని."

ఇక్కడే ఊరుకోవాల్సింది. నా బుర్రలో మాత్రం దీపాలు వెలిగాయి. కాకి గూడట, అందులో కోకిలట! చిన్నప్పటి నుంచీ విన్నదే కదా. కోకిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. ఆ అమాయకపు కాకి పొదుగుతుంది. అదే ఇక్కడ నా కళ్ళ ముందు జరుగుతోంది. పాపం ఈ పెద్దావిడకు తెలియదు. కట్టిన కాకిని ఒకప్పుడు చూసి ఉంటుంది, పెట్టిన కోకిలను ఇంకొకప్పుడు చూసి ఉంటుంది, రెండూ ఒకటే అనుకుంటోంది. కాకే మోసపోతుంటే మనిషి మోసపోవడం ఒక లెక్కా? ఇదంతా ఆవిడకు వివరించాను కూడా.

ఆవిడ నవ్వింది. "పుల్లలు తెచ్చి కట్టడం నేను చూశాను, హనీ. మీ దేశపు కక్కూ కట్టదేమో. మా కక్కూ కడుతుంది."

"కక్కూలు కట్టవు. నేను జువాలజీ చదివాను."

"మరి నిన్నటి నుంచీ గూట్లోనే కూర్చుని ఏం చేస్తోంది?"

దానికీ నా దగ్గర జవాబుంది. ఏం జవాబు చెప్పానో ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆవిడ మాత్రం, "నువ్వు ఆ పక్షితో కూడా వాదిస్తావు," అని మళ్ళీ నవ్వింది.

తిరిగి వస్తుంటే వాగు గట్టు మీద ఆగి ఒక సంగతి చెప్పింది. ఈ పక్షి పిల్లకు మొదట ఈకలుండవట. ఒంటి నిండా మూసుకున్న గొట్టాల్లాంటి ముళ్ళుంటాయట, ముళ్ళపంది పిల్లలాగా. గుడ్డు పగిలిన ఆరో రోజో ఏడో రోజో ఒక పూటలో ఆ గొట్టాలన్నీ ఒక్కసారిగా విచ్చుకుని ఈకలు బయటికి వస్తాయట. పొద్దున ముళ్ళపంది, మధ్యాహ్నానికి పక్షి. పుస్తకాల్లో చదివిందట గానీ నలభై ఏళ్ళలో ఒక్కసారీ చూడలేదట. ఒక ఏడాది గూడు దొరికేది కాదు, ఒక ఏడాది పాము తినేసేది, ఒక ఏడాది భర్త ఆసుపత్రిలో.

"ఈసారి చూడాలి," అంది. "నాకు డెబ్భై ఒకటి. ఈ అడవి అమ్ముడుపోయిందని కూడా విన్నాను." తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఫోటోలు తీసుకో. ఇరవై అడుగులు ఇవతలే కూర్చో. ఒక్క ఆకు కూడా ముట్టుకోకు. ఆ ఆకులే దానికి ఇల్లు," అంది.

"అలాగే," అన్నాను.

మా వారి కెమెరా, ఆయన స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన పొడుగాటి లెన్సు, మూడు కాళ్ళ స్టాండు. ఆఫీసుకు వెళ్ళేముందు గంటసేపు, శని ఆదివారాలు పూటంతా. నేను చూసిన జీవుల్లో ఆ పక్షి అంత మొండిది ఇంకొకటి లేదు. కదలదు. కదిలినా వీపే చూపిస్తుంది, ఆ వీపు ఎండిన కొమ్మ రంగు. గొంతు పొదలోంచి వినిపించేది, క-క-క అని మొదలై కౌల్ప్, కౌల్ప్ అని మెల్లగా ఆగిపోయేది. ఎవరో తలుపు తట్టి తట్టి విసిగిపోయినట్టు. మనం అటు లెన్సు తిప్పేసరికి అది ఇటు ఉంటుంది. గొంగళిపురుగును నోట కరుచుకుని గూటి దగ్గరకు వచ్చేది, ఇక ఇప్పుడే అనుకుంటే ద్రాక్ష ఆకు వెనక ఆగేది. నిజానికి వచ్చిపోయేవి రెండు పక్షులు, వాటిలో ఆడది ఏదో మగది ఏదో నాకు ఈ రోజుకీ తెలియదు.

మొదటి రీలు కడిగించి తెస్తే మా వారు ఒక్కొక్క ఫోటో లైటుకు పట్టి చూశారు.

"ఆకులు బాగా వచ్చాయి," అన్నారు. "తమలపాకులైతే తాంబూలంలో పెట్టేవాళ్ళం."

"తోక కనిపించడం లేదూ?"

"ఇది తోకా? కొమ్మనుకున్నాను. పోనీ, వచ్చే ఉగాదికి ఏ రాగంలో కూస్తావో డాక్టరుగారికి ముందే చెప్పు. హార్మోనియం కావాలేమో."

రెండో రీలూ అంతే. ఈలోగా పక్కింటావిడ తన నోటుపుస్తకంలో రోజులు లెక్కపెడుతోంది. గుడ్లు మూడు, లేత నీలం. ఇంకో రెండు మూడు రోజుల్లో పగలాలి అంది ఒక గురువారం. శుక్రవారం పొద్దున రిచ్‌మండ్‌లో చెల్లెలికి ఒంట్లో బాగాలేదని ఫోను వస్తే కారెక్కింది. ఎక్కుతూ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆదివారానికి వచ్చేస్తాను. నా బదులు నువ్వు చూస్తూ ఉండు," అంది.

చూశాను. శనివారం పొద్దున ఆకాశం తేటగా ఉంది. గూటి మీదికి ఎండ పడాల్సిన సమయమే, కానీ ద్రాక్ష తీగ అడ్డం. వెనక్కి వెళ్ళి వంటింటి కత్తెర తెచ్చాను.

ఆ గూడు కాకిదని నిజంగా నమ్మానా అంటే, అంతకుముందు సగం నమ్మాను. ఆ గూడు చేతి వెడల్పున ఉంది, నా తల ఎత్తులో ఉంది. ఏ కాకి అలా కడుతుంది? జువాలజీ చదవనివాళ్ళకు కూడా అనుమానం రావాలి. కత్తెర చేతిలో ఉన్న ఆ పావుగంట మాత్రం పూర్తిగా నమ్మాను. నమ్మకంతో పని పడింది మరి. కాకి గూడే కదా, కోకిలకు ఏం పోయింది, అది పెట్టి పోయేదే కదా అని ఒక్కొక్క రెమ్మ దగ్గరా అనుకుంటూ కోశాను. పద్నాలుగు రెమ్మలు. ఒకవేళ కాకిదే అయితే మాత్రం, కాకి గూడైతే కోయొచ్చని నాకెవరు చెప్పారు? ఆ ప్రశ్న అప్పుడు రాలేదు. కాకి గురించి మనవాళ్ళెవరూ అడగరు కదా, నేనూ అడగలేదు.

నేను దూరంగా వచ్చి కూర్చున్న గంటకు పక్షి తిరిగి వచ్చింది. కాసేపు పక్క కొమ్మ మీద ఆగి, ఎండలోకి దిగి, గూట్లో కూర్చుంది. పసుపు ముక్కు మెరిసింది. కంటి చుట్టూ ఉన్న వలయం కూడా కనిపించింది. ముప్పై ఆరు ఫోటోలూ తీసేశాను. ఇంటికి పాడుకుంటూ వచ్చాను, సిగ్గు లేకుండా.

ఆదివారం పొద్దున కాఫీ కప్పు పట్టుకుని ఊరికే చూద్దామని వెళ్ళాను. పొద చేరకముందే నీలిరంగు జే పక్షి ఒకటి గూటి మీదనుంచి లేచి కేకలు పెడుతూ పోయింది. మన కాకి పాటి గడుసుదే అదీ. గూట్లో ఏమీ లేదు. కింద ఎండుటాకుల మీద నీలం పెంకు ముక్కలు రెండు ఉన్నాయి, ఒక దానికి తడి ఆరలేదు.

అక్కడే నిలబడిపోయాను. కాసేపటికి ఆ పక్షి వచ్చింది. నన్ను చూసి కూడా వచ్చింది. ఖాళీ గూట్లోకి దిగి, పొట్ట అటూ ఇటూ సర్దుకుని, కూర్చుంది. కింద ఏమీ లేదు, అయినా కూర్చుంది. గుడ్డు పెట్టి పోయే పక్షి అలా కూర్చోదు. వారం రోజులుగా నేను వాదిస్తున్నది దానితోనే అయితే, అది ఒక్క మాట అనకుండా గెలిచింది. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

ఇక్కడ ఏడ్చానని రాస్తే బాగుంటుంది. ఏడవలేదు. ఆవిడ సాయంత్రానికి వచ్చేస్తుందని గుర్తొచ్చి పనిలో పడ్డాను. కోసిన రెమ్మలు ఏరి వాగులో పారేశాను. కోసిన చోట తెల్లగా కనిపిస్తున్న మొనలకు, పద్నాలుగింటికీ, తడి మట్టి తీసుకుని పూశాను. పాత గాయాల్లా కనిపించాలని. ఇంత తెలివి నాకు గూడు చూసినప్పుడు లేకపోయింది.

ఆవిడ కారు దిగుతూనే, "పగిలాయా?" అంది.

"జే తినేసింది," అన్నాను. అది నిజమే కదా, నేను ఎప్పుడూ నిజమే చెబుతాను.

ఆవిడ సంచి కూడా లోపల పెట్టకుండా వాగు దాటి వెళ్ళింది. నేను వెంట వెళ్ళలేదు. వంటింటి కిటికీలో నిలబడి చూశాను. ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక మా డెక్ మెట్ల మీద కూర్చుని బూట్లకు అంటిన బురద పుల్లతో గీకుకుంది.

"నిన్న గాలి గట్టిగా వీచిందా, హనీ?" అని అడిగింది.

"అవును, వీచింది," అన్నాను.

"అలాగా," అంది. అంతే. చెల్లెలి జ్వరం సంగతి చెప్పి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు ఉగాదికి సంచిక వచ్చింది. ముఖచిత్రం నిండా నా పక్షి. డాక్టరుగారు స్టేజీ మీద నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. "చెల్లెమ్మా, ఓడిపోయాను. కావాలంటే నేనే కూస్తాను," అని కూశారు కూడా. హాలంతా చప్పట్లు. అచ్చుకు ముందు ఆయన ఫోన్ చేసి కింద ఏం రాయమంటావని అడిగారు. అది కాకి గూడు కాదని అప్పటికి నాకు తెలుసు. జూన్ నుంచీ తెలుసు. అయినా "కాకి గూటిలో అమెరికా కోకిల అని వేయండి," అన్నాను. వేరే ఏం చెప్పినా ఎలా తెలిసిందని అడుగుతారు. అడిగితే ఖాళీ గూటి దాకా వెళ్ళాలి, అక్కడి నుంచి కత్తెర దాకా వెళ్ళాలి.

ఒక కాపీ పక్కింటావిడకు ఇచ్చాను. ఇవ్వకపోతే అనుమానం వస్తుందని ఇచ్చాను, ప్రేమతో కాదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. పక్షిని చూసింది, గూటిని చూసింది, గూటి చుట్టూ ఏమీ లేని ఆ ఎండను చూసింది.

"ఎంత వెలుతురు!" అంది. తర్వాత అక్షరాల మీద వేలు పెట్టి, "ఇక్కడ ఏం రాసుంది?" అంది.

"తన గూటిలో రెయిన్ క్రో," అని చదివాను.

తెలుగు రానివాళ్ళకు నిజం చెప్పి, తెలుగు వచ్చినవాళ్ళకు అబద్ధం అచ్చేయించాను. ఆ సంచికలు ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయో.

తర్వాత మూడు వేసవులు ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది. ప్రతి ఏడూ కంచె దగ్గర, "రెయిన్ క్రో గొంతు విన్నాను," అనేది. "గూడు దొరికిందా?" అని నేను అడిగేదాన్ని. "వెతకలేదు. ఈ మోకాళ్ళతో ఎక్కడ వెతకను?" అనేది. వెతకలేదేమో. కానీ జూన్‌లో, జులైలో, పొద్దున్నే ఆవిడ తోట వైపు గేటు చప్పుడు వినిపించేది. కిటికీలోంచి చూస్తే బైనాక్యులర్స్ వేసుకుని వాగు వైపు నడుస్తూ కనిపించేది, ఆ మోకాళ్ళతోనే. నన్ను పిలిచేది కాదు. మునుపటిలాగే కేకులు పంపేది, నా చింతపండు పులిహోర డబ్బాలో పట్టుకెళ్ళి తినేది, "హనీ" అనేది. ఎనభై ఏడులో అడవిలోకి బుల్డోజర్లు దిగాయి. ఆ చలికాలమే ఆవిడ ఇల్లు అమ్మి రిచ్‌మండ్ వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు నన్ను కావలించుకుంది. నేను చెప్పేద్దామని నోరు తెరిచి, "చలి జాగ్రత్త," అన్నాను.

నాకు రెండు ఉత్తరాలు రాసింది, రెండూ వాతావరణం గురించే. నేనూ వాతావరణం గురించే జవాబు రాశాను. తర్వాత క్రిస్మస్ కార్డు తిరిగి వచ్చేసింది.

ఆవిడ నన్ను క్షమించిందా లేదా అన్నది నేను అడగను. ఆ హక్కు నాకు లేదు. నాకు కావలసింది వేరే. ఆ మట్టి పూసిన మొనలు ఆవిడ చూసే ఉంటే, నేను ఎలాంటిదాన్నో ఆ రోజే తెలిసి ఉంటే, ఆ మూడేళ్ళూ నా దగ్గర గూడు దాచి ఉంటుంది. దాచి ఉంటే, ఒక్కతే వెళ్ళి చూసి ఉంటుంది. నన్ను నిజంగా నమ్మి, మోకాళ్ళ నొప్పితో నిజంగానే వెతకకుండా మానేసి ఉంటే, ఏమీ చూడకుండానే వెళ్ళిపోయినట్టు. నా గురించి ఎవరైనా చెడ్డగా అనుకుని ఉండాలని నేను జీవితంలో కోరుకున్నది ఈ ఒక్కసారే. ఆ మూడు వేసవుల్లో ఏదో ఒక పొద్దున, నాకు తెలియకుండా, ఒక పక్షిపిల్ల ఒంటి మీద ఈకలు విచ్చుకోవడం ఆవిడ చూసిందా?